పూసల రంగు

ఉప్పల్,
జూన్ 16

నీరజకు,

దీవెనలు. ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆడపడుచుకి స్టాంపు అంటించి ఉత్తరం రాసే వదిన ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే అయ్యుంటాను. డిపో దగ్గర బస్సెక్కితే కాసేపట్లో మీ నాచారం వచ్చేస్తుంది. పోస్టులో అయితే మూడు రోజులు పట్టచ్చని పోస్టాఫీసులో ఆవిడ చెప్పి, నాకేమైనా తేడా ఉందేమో అన్నట్టు చూసింది. చూస్తే చూసింది.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. నా ఫోన్ నా దగ్గర ఉండటం లేదు. మీ అన్నయ్య లేచిన దగ్గర్నుంచీ అందులో పాప వీడియోలు చూస్తూ కూర్చుంటారు. ఆయన ఫోన్లో లేనివి నా ఫోన్లో ఉన్నాయట. స్కూలుకి కూడా ఫోన్ లేకుండానే పోతున్నాను. నువ్వేం మెసేజ్ పెట్టినా ముందు ఆయన కళ్ళబడుతుంది. నేను అడగబోయేది ఆయన చూడకూడదు. జవాబు స్కూలు అడ్రసుకే రాయి.

మొన్న మాసికం రోజున గిన్నెలు తుడుస్తూ నువ్వొక మాట అన్నావు. "గీతూ రక్తం రెండు ట్యూబులు మా ల్యాబు ఫ్రీజర్లో ఉన్నాయి వదినా" అని. అనేసి నాలుక కరుచుకుని నెయ్యి గిన్నె ఎక్కడ పెట్టాలని అడిగావు. నేను వినలేదనుకున్నావు. విన్నాను.

ఆ ఆదివారం సాయంత్రం గీతూకి మూత్రం ఎర్రగా వచ్చింది. నేను చూశాను. బీట్‌రూట్ జ్యూస్ తాగింది కదా, దాని రంగే అనుకున్నాను. పొద్దున చూద్దామనుకున్నాను. పొద్దునకి పిల్ల కళ్ళు పసుపు ముద్దలయ్యాయి, లేచి నిలబడలేకపోయింది. తొమ్మిదేళ్ళ పిల్లని చంకనేసుకుని ఆటో ఎక్కాం. ఎక్కించిన రక్తం ఒంటికి పడక కణాలన్నీ పగిలిపోయాయనీ, తలసీమియా పిల్లల్లో ఎప్పుడో ఒకరికి ఇలా జరుగుతుందనీ, ఎవరి తప్పూ కాదనీ డాక్టరు చెప్పాడు. సాయంత్రమే తేవాల్సింది అని మాత్రం అనలేదు. తెచ్చినా ఇంతే అని కూడా అనలేదు. ఆ అనకపోవడమే నన్ను తినేస్తోంది.

సాయంత్రమే తీసుకెళ్తే నా బిడ్డ బతికేదా? నీ ట్యూబులు ఆ సంగతి చెప్పగలవా? నువ్వు అబద్ధం చెప్పలేవని నాకు తెలుసు, అందుకే నిన్నడుగుతున్నాను.

నీ వదిన,
సూర్యకళ

*

నాచారం,
జూన్ 22

వదినకు,

నీ ఉత్తరాన్ని మా అటెండరు హన్మయ్య అటూ ఇటూ తిప్పి చూసి, "మేడం, మీకేదో కాయితం వచ్చింది. కోర్టుదేమో, జర చూసుకోన్రి" అని భయపెట్టి మరీ ఇచ్చాడు. చేత్తో రాసిన కవరు చూసి ఎన్నాళ్ళయిందో పాపం.

ట్యూబులు ఉన్నమాట నిజం. మొదటిది గీతూకి చివరిసారి రక్తం ఎక్కించిన రోజున తీసింది. రెండోది ఆ సోమవారం పొద్దున, అడ్మిట్ చేసుకునేటప్పుడు తీసింది. తలసీమియా పిల్లల దగ్గర మా ప్రాజెక్టు కోసం కొంచెం కొంచెం తీసుకుంటాం. నువ్వే సంతకం పెట్టావు, ఆ గొడవలో నీకు గుర్తుండదు.

అవి ఏం చెప్పగలవో చెబుతాను. నువ్వు లెక్కల టీచరువి కాబట్టి దాటేస్తే ఊరుకోవు. రక్తకణం పగిలితే లోపలున్న హీమ్ అనే ఎర్రటి పదార్థం బయటపడుతుంది. కణంలో ఉన్నంతసేపూ అదే మనకి ఊపిరి, బయటపడితే విషం. దాన్ని పట్టుకుని లివరుకి అప్పగించే ప్రొటీను ఒకటి మనందరి రక్తంలో ఉంటుంది. పేరు హీమోపెక్సిన్. దాన్ని రక్తంలోంచి శుభ్రంగా వేరు చెయ్యడమే మా పని. ఎప్పటికైనా ఇలాంటి పిల్లలకి మందుగా ఎక్కించవచ్చని మా ఆశ.

వేరు చెయ్యడానికి మా దగ్గర రవ్వకన్నా సన్నటి పూసలుంటాయి. వాటికి హీమ్ అంటించి, చిన్న గాజు గొట్టంలో నింపుతాం. రక్తంలోని పసుపునీళ్ళు, అంటే ప్లాస్మా, పైనుంచి పోస్తాం. హీమ్ కోసం తిరిగే ఆ ప్రొటీను పూసల్ని పట్టుకుని ఉండిపోతుంది. మిగతావన్నీ కిందికి కారిపోతాయి. పూసల్ని కడిగి, పట్టుకున్నదాన్ని విడిపించి, నీలం రంగు వేసి చూస్తాం. ప్రొటీను ఉంటే ఒక నీలం గీత కనబడుతుంది. లేకపోతే లేదు.

మొదటి ట్యూబులోనే గీత రాలేదనుకో, గీతూ ఒంట్లో ఆ ప్రొటీను అప్పటికే అడుగంటిపోయిందని. కణాలు పగలడం మొదలయ్యాక సాయంత్రమైనా పొద్దునైనా ఒకటే. మొదటిదాంట్లో గీత నిండుగా వచ్చి, రెండోదాంట్లో ఏమీ లేకపోతే... ఉన్న ప్రొటీనంతా ఆ కొద్ది గంటల్లోనే ఖర్చయిపోయిందని. అంటే వ్యవధి ఉండేదని. రెండు ట్యూబులతో ఏం తేలుతుందని మా వాళ్ళు కొట్టిపారేస్తారు. కానీ నువ్వు మా వాళ్ళ కోసం అడగలేదు.

వద్దు వదినా. ఒక్కో ట్యూబులో అర చెంచా కూడా లేదు. ఒకసారి పోస్తే అయిపోతుంది. గీతూది ఇంకెక్కడా ఏమీ మిగలదు.

నీరజ

*

ఉప్పల్,
జులై 3

నీరజకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు బ్యాగులోనే పెట్టుకు తిరిగాను. మూడో రోజు స్కూలు నుంచి అటే బస్సెక్కి హెచ్ఎంటీ నగర్ దగ్గర దిగాను. మీ గేటు దాకా వచ్చాను. సెక్యూరిటీ అతను "ఎవరు గావాలమ్మా?" అన్నాడు. ఎవరు కావాలని చెప్పను? మా అమ్మాయి లోపలుందని చెప్పనా? దారి తప్పానని చెప్పి వెనక్కొచ్చేశాను.

అక్కడ ఎంత చల్లగా ఉంటుంది నీరజా? ఈ మాట అడగడం పిచ్చితనమని నాకు తెలుసు. గీతూకి ఏసీ పడేది కాదు, రెండు దుప్పట్లు కప్పేదాన్ని. అదే గుర్తొచ్చి అడిగాను.

ఏమీ మిగలదని భయపెట్టావు. నా చేతులతో గోదావరిలో కలిపి వచ్చినదాన్ని నేను. ఇంక అర చెంచా కోసం భయపడతానా? దాచుకుని ఏం చేసుకుంటాను, దండం పెట్టుకుంటానా? తెలియకపోవడం కన్నా ఏదైనా నయమే. ప్రశ్న ఉంది, జవాబు నీ ఫ్రీజర్లో ఉంది. నా ఇరవై ఏళ్ళ సర్వీసులో జవాబు ఉన్న లెక్కని చెయ్యకుండా వదిలేసింది లేదు.

ఒక్క షరతు. జవాబు ఒక్కటీ రాస్తే నేను ఒప్పుకోను. ఎలా వచ్చిందో మొత్తం రాయాలి. స్టెప్పులు లేకుండా జవాబు రాసిన పిల్లలకి నేను మార్కు వెయ్యను, నీకు తెలిసిందే. నీకు పదో తరగతిలో లెక్కలు చెప్పింది నేనే.

వదిన

*

నాచారం,
జులై 14

వదినకు,

రాఘవేంద్ర గారిని అడిగాను, మా బాస్. "తల్లి రాసి ఇచ్చిందా?" అన్నారు. నీ ఉత్తరం చూపించాను. చదివి, కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "చెయ్యమ్మా. కానీ ముందు వేరే ప్లాస్మాతో చెయ్యి తిరగనీ. పిల్లది ఒక్కసారే ఉంది" అన్నారు.

ఆయన మాకు మొదటిరోజే నేర్పిన అలవాటు ఒకటుంది. కంటితో చూసింది ముందు రాయాలి, మనసులో అనుకున్నది తర్వాత. ముందే ఫలితం రాసేస్తే కళ్ళు దాని వెనకాలే పోతాయంటారు. అందుకని ప్రతిసారీ పూసల రంగుతో మొదలుపెడతాం. నీకూ అలాగే రాస్తాను, నీ స్టెప్పుల సరదా కూడా తీరుతుంది.

పూసల రంగు: తడిపినప్పుడు చిక్కటి కాఫీ డికాక్షన్. ప్లాస్మా పోశాక అదే. కడిగాక కొంచెం ఎర్ర చాయ. విడిపించాక నీళ్ళు కలిపిన డికాక్షన్. నీలం గీత ఒకటి రావాల్సింది మూడు వచ్చాయి. అంటే పనికిరాలేదు. పిలవని పేరంటానికి వచ్చినట్టు ఇంకో రెండు ప్రొటీన్లు కూడా పూసల్ని పట్టుకున్నాయి. సరిగ్గా కడగలేదన్నమాట. తప్పు నాదే, తొందరపడ్డాను. కడిగే నీళ్ళలో ఉప్పు పెంచి మళ్ళీ చేస్తాను.

పక్కన వట్టి పూసలతో కూడా ఒకసారి చేస్తాం, హీమ్ అంటించనివి. తెల్లగా సగ్గుబియ్యంలా ఉంటాయి. వాటికి ఏమీ అంటుకోకూడదు. అంటుకోలేదు. ఆ ఒక్కటే ఈ వారం మంచివార్త.

అన్నయ్య ఎలా ఉన్నాడు? ఫోన్ చేస్తే "ఊఁ" అంటున్నాడు. అన్నం తిన్నావా అంటే దానికీ ఊఁ.

నీరజ

*

ఉప్పల్,
జులై 25

నీరజకు,

మూడు గీతలు వచ్చాయని దాచకుండా రాశావు చూడు, అందుకే నిన్ను నమ్మి అడిగింది.

మీ అన్నయ్య సంగతి ఏం రాయమంటావు. డిపోలో ఇంకో నెల సెలవు పెట్టారు. గుమాస్తా లేకపోతే బస్సులు ఆగవు కదా అంటారు. గడ్డం పెరిగింది. పక్కింటి లక్ష్మీనర్సమ్మ గేటు దగ్గర నన్నాపి, "సారును జర బయటికి పంపియ్యమ్మా. గట్ల గోడలు సూస్కుంట కూసుంటే మనిషి ఏమైతడు?" అంది. నిజమేనని సంచీ ఇచ్చి రింగు రోడ్డు పక్కన మార్కెట్టుకి పంపాను. వట్టి సంచీతో తిరిగొచ్చారు. కూరల బండి దాకా వెళ్ళి వెనక్కి తిరిగారట. ఏమైందండీ అంటే, ఎండగా ఉంది అన్నారు. ఆరోజు పొద్దుట్నుంచీ ముసురు.

ఇంకోటి. మిక్సీ పెద్ద జారు చెత్తబండిలో వేసేశారు. బాగానే ఉంది కదండీ అంటే, మూత పట్టడం లేదన్నారు. ఇప్పుడు పచ్చడి రోట్లో రుబ్బుతున్నాను. మంచిదే, చేతులకి పని.

నిన్న ఉన్నట్టుండి "చెల్లి వాళ్ళ ల్యాబులో ఇలాంటివి తెలుస్తాయా?" అని అడిగారు. ఇలాంటివంటే అన్నాను. ఆయన మళ్ళీ వీడియోలో పడ్డారు. తెలియవని చెప్పాను. నువ్వు కూడా నోరు జారకు. కడుపు చించుకుంటే కాళ్ళమీదే పడుతుంది.

నువ్వు కూడా తిండి తిను. మొన్న చూస్తే జాకెట్టు వదులైపోయింది.

వదిన

*

నాచారం,
ఆగస్టు 8

వదినకు,

పూసల రంగు: తడిపినప్పుడు డికాక్షన్. పోశాక అదే. ఈసారి ఉప్పునీళ్ళతో కడిగీ కడిగీ కిందికి కారేది మంచినీళ్ళలా అయ్యాకే ఆపాను. విడిపించాక పూసలు టీ రంగు. నీలం గీత ఒకటే వచ్చింది. రాఘవేంద్ర గారు చూసి "ఇప్పుడు చెయ్యొచ్చు" అన్నారు. మళ్ళీ ఇంకోసారి చేశాను, అదే వచ్చింది. ఇంక నాకు సాకులు లేవు.

అవును, సాకులే. ఈ నెలంతా చెయ్యి తిరగడం కోసం కాదు, ఆ ట్యూబులు తియ్యలేక గడిపాను. ఫ్రీజరు తలుపు తీసి వాటిని చూసి మళ్ళీ వేసేస్తున్నాను. హన్మయ్య "ఏం వెతుకుతున్నరు మేడం? నేను దీసిస్తనా?" అంటాడు.

గీతూ వేసవి సెలవుల్లో ఇక్కడికి వచ్చింది గుర్తుందా. అన్నయ్య స్కూటర్ మీద తెచ్చి దింపాడు. దానికి పెద్ద తెల్లకోటు తొడిగాం, నేల ఊడ్చింది. పూసల సీసా వెలుగులో పెట్టి చూసి, "అత్తా, నీకు మెళ్ళో లేవని నాన్నమ్మ ఏడ్చేది కదా, చూడు సీసా నిండా ఎన్ని నల్లపూసలున్నాయో" అంది. ల్యాబంతా నవ్వింది. రాఘవేంద్ర గారైతే నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయారు. నేను కోప్పడ్డాను. ఎందుకు కోప్పడ్డానో. తర్వాత అది నా చెవిలో, "ఈ పూసలు నాకు ఎప్పుడు ఎక్కిస్తావు?" అని అడిగింది. పూసలు కాదే, అవి పట్టుకునే ప్రొటీను ఎక్కిస్తాం, నువ్వు కాలేజీకి వచ్చేసరికి తయారవుతుంది అన్నాను.

వచ్చే శుక్రవారం వాటిని పూసల మీద పోద్దామనుకుంటున్నాను. చివరిసారి అడుగుతున్నాను వదినా, వద్దంటే ఇప్పుడే చెప్పు. నీ ఉత్తరం వచ్చేదాకా ముట్టుకోను.

నీరజ

*

ఉప్పల్,
ఆగస్టు 12

నీరజకు,

పొయ్యి.

పోసేటప్పుడు ఒకసారి దాన్ని పేరు పెట్టి పిలువు.

వదిన

*

నాచారం,
ఆగస్టు 23

ప్రియమైన వదినకు,

నీ తప్పేమీ లేదు. ఇది ముందు చదువు, మిగిలింది తర్వాత చదువు. నీ తప్పు ఏ కొంచెమూ లేదు.

శుక్రవారం చేశాను. రెండు ట్యూబుల్లోనూ ఆ ప్రొటీను లేదు. మొదటిదాంట్లో కూడా లేదు. అంటే రక్తం ఎక్కించిన రోజుకే గీతూ ఒంట్లో అది అయిపోయింది. నువ్వు సాయంత్రం తీసుకెళ్ళినా, మధ్యాహ్నమే తీసుకెళ్ళినా, రంగు మారగానే రెక్కలు కట్టుకుని ఎగిరి వెళ్ళినా ఏమీ మారేది కాదు. ఏ తల్లీ చెయ్యగలిగింది లేదు. ఇంక ఈ విషయం మనసులోంచి తీసెయ్యి. హాయిగా నిద్రపో. స్కూల్లో పిల్లల్ని చూసుకో. నువ్వు ఎంత బాగా చూసుకున్నావో దాన్ని నాకు తెలియదా. వేళకి మందు, మూడు వారాలకోసారి ఆస్పత్రి, ఒక్కరోజు తప్పలేదు కదా. నీలాంటి తల్లి దొరకడం దాని అదృష్టం.

ఇంతకన్నా రాయడానికేమీ లేదు. ట్యూబులు అయిపోయాయి. వివరాలు అడగకు, అవన్నీ మా ల్యాబు గొడవలు, నీకు బోరు కొడతాయి. ఆదివారం వస్తాను. వంకాయ కూర చెయ్యి, అన్నయ్యకిష్టం.

నిన్ను ప్రేమించే
నీరజ

*

ఉప్పల్,
సెప్టెంబరు 2

నీరజకు,

ఆదివారం వస్తానని రాలేదు. వంకాయలు వడలిపోయాయి. ఎందుకు రాలేదో నాకు తెలుసు కాబట్టి ఫోన్ చెయ్యలేదు.

నీ ఉత్తరం స్కూల్లో స్టాఫ్‌రూంలో చదివాను. ఒకసారి చదివాను, ఎందుకో రెండోసారి చదివాను. అప్పుడు పాతవి కూడా బ్యాగులోంచి తీసి పక్కన పెట్టుకున్నాను. ప్రతి ఉత్తరంలోనూ ముందు పూసల రంగు ఉంది. డికాక్షన్, ఎర్ర చాయ, టీ. పనికిరాని రోజున కూడా రాశావు. ఈ ఉత్తరంలో మాత్రం లేదు. జవాబు మొదటి లైన్లోనే ఉంది, స్టెప్పు ఒక్కటీ లేదు. వివరాలు నాకు బోరు కొడతాయట. ఎప్పుడూ లేనిది నేను నీకు "ప్రియమైన వదిన"నయ్యాను.

మొదటి ట్యూబులో గీత వచ్చింది కదూ. బాగా నిండుగా వచ్చి ఉంటుంది.

చెప్పొద్దు. నాకు తెలిసిపోయింది. స్టాఫ్‌రూంలో అందరూ ఉన్నారు, ఏడవడానికి వీల్లేదు. బెల్లు కొట్టారు. ఏడో తరగతికి వెళ్ళి శాతాలు చెప్పాను. మధ్యలో ఒక పిల్ల లేచి "టీచర్, మీకు ఒంట్లో బాగలేదా?" అంది. దాని జడ అచ్చం గీతూ జడ. అప్పుడు ఏడ్చాను, నలభైమంది పిల్లల ముందు. ఏడుస్తూనే లెక్క పూర్తి చేశాను.

నువ్వు ఒక అబద్ధం రాశావు. నీకన్నా ముందు నేనే ఒకటి రాశాను. మొదటి ఉత్తరంలోనే. "బీట్‌రూట్ రంగే అనుకున్నాను, పొద్దున చూద్దామనుకున్నాను" అని రాశానే, అది నేను కాదు నీరజా. మీ అన్నయ్య.

పిల్లకి రక్తం పడుతుందని లక్ష్మీనర్సమ్మ చెప్పిన దగ్గర్నుంచీ రోజూ ఆయనే బీట్‌రూట్ తొక్క తీసి, మిక్సీలో వేసి, వడగట్టి తాగించేవారు. దానివల్ల లాభమూ లేదు నష్టమూ లేదని డాక్టరు చెప్పినా మానలేదు. తన చేతులతో చెయ్యగలిగింది అదొక్కటే అనుకున్నారు. ఆ సాయంత్రం నేను రంగు చూసి చెప్పులు వేసుకున్నాను. పాప హెల్త్ కార్డు కూడా తీశాను. ఆయన నవ్వి, "ఒసే పిచ్చిదానా, అది నేనిచ్చిన జ్యూసే. పొద్దున చూద్దాంలే, పిల్లని పడుకోనీ" అన్నారు. నాక్కూడా ఆ మాట నమ్మాలనిపించింది. వేసుకున్న చెప్పులు విప్పాను. ఆ విప్పడం మాత్రం నాదే. దానికి ఎవరినీ ఏమీ అనను.

ఆరోజు నుంచి ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. ఆయన కూరల బండి చూసి వెనక్కి వస్తారు, నేను రోట్లో రుబ్బుతాను. నీ దగ్గర నిజం తెలుసుకోవాలన్నది నా కోసం కాదు. నిజం మంచిదైతే ఆయనకి చెబుదామని. చెడ్డదైతే ఆయన చెవిన పడకుండా నేనే మింగుదామని. ముందు నేను చూడాలి కాబట్టే ఉత్తరాలు, స్కూలు అడ్రసు, ఇదంతా.

నీ ఉత్తరం ఇంటికి తీసుకెళ్ళి ఆయనకి చదివి వినిపించాను. "నీ తప్పేమీ లేదు" అన్నచోట గొంతు వణక్కుండా జాగ్రత్తపడ్డాను. ఆయన చివరిదాకా విన్నారు. తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టేశారు. ఇన్ని నెలల్లో మొదటిసారి. గోడవైపు తిరిగి పడుకుని, పొద్దెక్కేదాకా నిద్రపోయారు. గురక కూడా పెట్టారు. ఆ గురక వింటూ కూర్చున్నాను. ఆయన్ని చూస్తే జాలేసింది, కోపమొచ్చింది, లేపి కొట్టాలనిపించింది, దుప్పటి కప్పాలనిపించింది. కప్పాను.

కానీ లేచాక అడిగారు. "ఇది నీకు రాసింది. నిన్ను ఓదార్చడానికి రాసిందేమో. చెల్లిని నాకు విడిగా ఒక ఉత్తరం రాయమను" అని. మీ అన్నయ్య పాతికేళ్ళు డిపోలో లెక్కలు సరిచూసిన మనిషి. నా అంత కాకపోయినా, స్టెప్పులు లేని జవాబు ఆయనకీ తెలుస్తుంది.

రాయి తల్లీ. నేను నిన్ను ఏమీ అడగలేదు, నువ్వు నాకేమీ చెప్పలేదు. మనిద్దరి మధ్యే ఉండిపోనీ. ఈసారి మాత్రం పూసల రంగు ముందు రాయి.

నీ వదిన,
సూర్యకళ

*

నాచారం,
సెప్టెంబరు 9

అన్నయ్యకు,

నమస్కారం. వదిన నీకు విడిగా రాయమంది. మా ల్యాబు పద్ధతిలోనే, వరసగా రాస్తున్నాను.

పూసల రంగు: తడిపినప్పుడు చిక్కటి డికాక్షన్. మొదటి ట్యూబు ఒక గొట్టంలో, రెండోది ఇంకో గొట్టంలో పోశాను. రెండో ట్యూబులో ప్లాస్మా ముందే ఎర్రగా ఉంది, కణాలు పగిలినప్పుడు అలాగే ఉంటుంది. పోశాక పూసలు అదే రంగు. ఉప్పునీళ్ళతో, కిందికి మంచినీళ్ళు కారేదాకా కడిగాను. కొంచెం ఎర్ర చాయ. విడిపించాక రెండింట్లోనూ టీ రంగు. వట్టి పూసలు తెల్లగానే ఉన్నాయి, వాటికి ఏమీ అంటలేదు. నీలం రంగు వేసి రాత్రంతా ఉంచి, పొద్దున కడిగి చూశాను. నాకు తెలిసిన మంచి ప్లాస్మా ఒకటి పక్కన పెట్టాను, దానికి గీత స్పష్టంగా వచ్చింది. అంటే పని సరిగ్గా జరిగింది.

గీతూవి రెండింటికీ గీత రాలేదు. మొదటిదానికీ లేదు, రెండోదానికీ లేదు. కాబట్టి రక్తం ఎక్కించిన రోజుకే దాని ఒంట్లో ఆ ప్రొటీను లేదు. ఆదివారం సాయంత్రమైనా సోమవారం పొద్దునైనా ఒకటే అన్నయ్యా. దీనికి బీట్‌రూట్‌తో ఏ సంబంధమూ లేదు. జ్యూసు వల్ల దానికి ఏ హానీ జరగలేదు. నువ్వు చేస్తేనే తాగుతానని, వదిన చేస్తే మూతి తిప్పుతానని గీతూ నాకు చెప్పేది.

ఫోటో అడుగుతావేమో, బయటికి ఇవ్వకూడదు. నా మాట మీదే నమ్మాలి.

పోసేటప్పుడు "గీతూ" అని పిలిచాను. హన్మయ్య అక్కడే ఉన్నాడు. "మెల్లగ పొయ్యిన్రి మేడం" అన్నాడు.

మామూలుగా ఈ పూసలు కడిగి మళ్ళీ వాడుకుంటాం. వీటిని వాడలేదు. చిన్న సీసాలోకి తీసి మూత పెట్టి నా బల్ల మీద ఉంచాను. పోయినసారి రాలేకపోయాను, ఈ ఆదివారం తప్పకుండా వస్తాను. మిక్సీకి కొత్త జారు కొన్నాను, వదిన చేతులు పుళ్ళు పడుతున్నాయి. గడ్డం గీసుకుని ఉండు.

నీ తప్పు లేదు. పూసలు చూసే చెబుతున్నాను.

నీ చెల్లెలు,
నీరజ